పుంజు బొమ్మ పాత సీసా

మొన్న చీరాలలో బడి నుంచి ఇంటికొస్తుంటే గడియార స్తంభం దగ్గర ఒక లారీ అడ్డంగా నిలబడిపోయింది. పక్కనే వైన్ షాపు. లారీలో నుంచి దించుతున్న అట్టపెట్టెల మీద ఎర్ర జుట్టు నిక్కబొడుచుకున్న కోడిపుంజు బొమ్మ, దాని కింద 'అదే పాత రుచి' అని ఇంగ్లీషులో పెద్దపెద్ద అక్షరాలు. నడిబజారులో ఉన్నానన్న ఇంగితం కూడా లేకుండా పైకే నవ్వేశాను. టీచరమ్మ వైన్ షాపును చూసి నవ్వుతోందని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. ఆ అక్షరాలు చదివితే మా మావయ్య ఏమనేవాడో నాకు తెలుసు. పెదవి విరిచి, ముక్కుతో చిన్న శబ్దం చేసి, "రంగుంది, ఘాటు లేదు" అనేవాడు.

మావయ్య పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పుకోవాలంటారు. బతికున్నవాళ్ల గురించి ఒక్క మంచి మాట చెప్పకుండా పోయిన మనిషికి ఆ మర్యాద ఎంతవరకు చెల్లుతుందో నాకు తెలియదు. నా కడుపుమంట నాకుంది. దాన్ని దాచుకుని రాయడం నా వల్ల కాదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. గుంటూరు మిర్చి యార్డులో కొనుగోలుదారు. ఎక్కడెక్కడి వ్యాపారుల తరఫునో సరుకు చూసి, రేటు కట్టి కొనిపెట్టడం ఆయన పని. పొద్దున్నే యార్డులో చూడాలి ఆయన్ని. తెల్లచొక్కా, మెడ చుట్టూ తడి తువ్వాలు. వరసగా పేర్చిన మిరపకాయల బస్తాల మధ్య నింపాదిగా నడుస్తూ ఒక బస్తా ముందు ఆగేవాడు. పైనున్న కాయల వంక కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసేవాడు. పైన పేర్చిన కాయ పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్ల లాంటిదట, కాపురం చేసేది అడుగునున్న కాయేనట. ఒక కాయను చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. తేమ ఉంటే మెత్తగా వంగుతుంది, బాగా ఎండితే టప్పుమంటుంది. గింజలు అరచేతిలో నలిపి వాసన చూసేవాడు. మాబోటివాళ్లం గేటు దగ్గరే తుమ్మి తుమ్మి చచ్చేవాళ్లం. ఆయన తుమ్మగా నేనెన్నడూ చూడలేదు.

ఇంతా చేసి, కాయ ఎంత మేలైనదైనా సరే, మొహం మాత్రం చావుకబురు విన్నట్టు పెట్టేవాడు. "రంగుంది, ఘాటు లేదు" అనేవాడు. ఘాటుంటే "రంగు చచ్చింది" అనేవాడు. రెండూ ఉంటే "తొడిమ పచ్చిగా ఉందయ్యా, బూజు పట్టిద్ది" అనేవాడు.

అది ఆయన దుర్మార్గం అనుకోకండి. ఆ పనికి అదే పద్ధతి. కొనేవాడు నోరు జారి బాగుందన్నాడంటే రైతు అక్కడికక్కడే రేటు పెంచి కూర్చుంటాడు. అందుకని యార్డులో కొనేవాడెవడూ సరుకును పొగడడు. బేరం కుదిరి, కాటా అయి, బస్తాలు లారీ ఎక్కాక మాత్రం ఎంతైనా పొగడొచ్చు. అప్పుడు పొగిడితే పోయేదేమీ ఉండదు.

నేను కాలేజీలో చదివే రోజుల్లో మా నాన్న మా చేలో కాయను యార్డుకు తోలితే నేనూ వెంట వెళ్లాను. మాది ఇంకొల్లు వైపు నల్లరేగడి. పత్తి పోయిన ఏడు మిరప వేసేవాళ్లం, మిరప పోయిన ఏడు పత్తి వేసేవాళ్లం. ఆ ఏడు మిరప నిలబడింది. తాలు కాయ, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, ఒక్కటి కూడా ఉండకూడదని మా అమ్మ కళ్లంలో కూలీలతో పాటు నడుం పడిపోయేలా కూర్చుని ఏరింది. మావయ్య వచ్చి చెయ్యి దూర్చాడు, విరిచాడు, నలిపాడు.

"ఏంది బావా, తాలంతా నా నెత్తిన పోద్దామనుకున్నావా?" అన్నాడు నలుగురిలో.

మా నాన్న తలొంచుకున్నాడు. మావయ్య చెప్పిన రేటుకే ఇచ్చేశాడు. ఆ సాయంత్రం మావయ్య ఇంట్లో భోజనాలకు కూర్చున్నప్పుడు యార్డు నుంచి ఎవరో వస్తే మావయ్య వాళ్లతో, "ఇయ్యాళ మా బావ కాయ కొన్నా. అట్టాంటి కాయ ఈ సీజన్లో యార్డు మొకం చూళ్లేదు" అన్నాడు. మా నాన్న అక్కడే అన్నం కలుపుకుంటున్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సు ఇంకొల్లు చేరేదాకా నాతో ఒకటే సణుగుడు. "ఆ మాట పొద్దున అంటే వాడి సొమ్మేం పోయిందే?" అంటాడు. నాకు నవ్వొచ్చింది అప్పుడు. వ్యాపారం కదా, అట్టాగే ఉంటుందిలే అనుకున్నాను.

ఖర్మ ఏమిటంటే, మావయ్య యార్డు నుంచి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నా ఆ పద్ధతి వదిలేది కాదు. కంచం ముందు కూర్చున్నా ఆయన కొనుగోలుదారే. అప్పుడు పెద్దత్త ఉండేది, ఆయన మొదటి భార్య. పెద్దత్త ఏది వండినా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగేవాడు. "మా అమ్మ చేస్తే వీధి చివరికి వాసనొచ్చేది" అనేవాడు. పెద్దత్త ఊరుకునే మనిషి కాదు. "అయితే మీ అమ్మ దగ్గరికే పోయి తినండి, కాటికి దారి నేను చూపిస్తా" అనేది. ఆయన నవ్వేవాడు కూడా. కానీ బాగుందని మాత్రం అనేవాడు కాదు.

పొద్దు వాలేసరికి వరండాలో కూర్చుని కాస్త మందు పుచ్చుకునేవాడు. అదే ఈ పుంజు బొమ్మ విస్కీ. చవక సరుకు. యార్డులో గుమాస్తాలు కూడా అంతకన్నా ఖరీదైంది తాగేవాళ్లు. మావయ్య తాగుబోతు మాత్రం కాదు. తాగుబోతైనా బాగుండేది, మత్తులోనైనా ఒక మంచిమాట జారేది. ఆ రోజుల్లో ఆ పుంజు గురించి ఆయన ఏమనేవాడో నా చెవులతో నేను విన్నాను. "ఏం మందే ఇది, చింతపండు కడిగిన నీళ్లు. మా నాన్న తాగిన సారాకున్న వెన్ను దీనికేదీ?" అనేవాడు. వెన్ను అంటే ఆయన భాషలో గొంతు దిగాక కూడా నిలబడే బలం. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత ఆయన నెత్తిన పెట్టుకుని పూజించింది ఆ చింతపండు నీళ్లనే.

పెద్దత్త కామెర్లు ముదిరి పోయింది. పిల్లల్లేరు. ఇంట్లో దీపం పెట్టే మనిషైనా ఉండాలని మా అమ్మే సింగరాయకొండ సంబంధం చూసి మళ్లీ పెళ్లి చేసింది. ఆమె చిన్నత్త. తమ్ముళ్లను ఒక దారిలో పెట్టేసరికి పెళ్లీడు దాటిపోయిన మనిషి. గట్టిగా నవ్వదు, గట్టిగా ఏడవదు. సముద్రం దగ్గరి ఊరు కాబట్టి చేపల పులుసు పెట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. కాపురానికొచ్చిన కొత్తలో మామిడికాయ వేసి పులుసు పెట్టింది. నేనూ ఉన్నాను ఆ రోజు. నేను వేళ్లు నాకుతున్నాను, మావయ్య ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"పెద్దది చేస్తే ఇల్లంతా గుమగుమలాడేది" అన్నాడు.

పెద్దత్త బతికుండగా ఆమె పులుసుకు రాని పేరు ఫోటోకు దండ పడ్డాక వచ్చింది. అప్పట్నుంచి అదే వరస. కాఫీ ఇస్తే పెద్దది, చొక్కా ఇస్త్రీ చేస్తే పెద్దది, ముగ్గేస్తే పెద్దది. యార్డులో చల్లగిడ్డంగిలో దాచిన మిరపకాయను ఏసీ కాయ అంటారు. "ఏసీలో పెట్టిన కాయ ఏడాదైనా రంగు మారదు. మనుషులకే ఆ సౌకర్యం లేదు" అనేవాడు మావయ్య, చిన్నత్త వినేటట్టు. ఎందుకు లేదు, పెద్దత్తను తన బుర్రలో ఏసీలోనే పెట్టుకున్నాడు కదా.

చిన్నత్త ఒకసారి నాతో అంది. "నేనేం చీరలడిగానా, నగలడిగానా? తిన్నాక ఒక్కసారి బాగుందంటే చాలే. అంతకు మించి నాకేం వద్దు." అంతే, ఆమెకు కావాల్సింది అదొక్కటే. పెద్ద కోరికేం కాదు. ఇంకొకరైతే ఆ మాట అప్పనంగా రోజూ నాలుగుసార్లు అనేవాళ్లు.

ఆ రోజుల్లోనే పుంజు సీసా షాపుల్లో కనపడకుండా పోయింది. కంపెనీ చేతులు మారిందన్నారు. కొంతకాలానికి తిరిగొచ్చింది కానీ మావయ్య దృష్టిలో అది పుంజే కాదు. పాత సీసాది మందమైన గాజు, రేకు మూత, పుంజు ఎడమవైపు చూస్తుంటుంది. కొత్తది పల్చటి గాజు, ప్లాస్టిక్ మూత, పుంజు కుడివైపు తిరిగింది. అన్నిటికన్నా ముఖ్యం, పాత లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉండేది. ప్రభుత్వం తాళం వేసిన బాండ్ గోదాములో నిలవ చేసిన సరుకు అని. కొత్త లేబుల్ మీద ఆ వాక్యం లేదు. "చూశావటే, తాళం తీసేశారు. తాళం తీశాక సరుకులో ఏం మిగిలిద్ది?" అని కళ్లజోడు పెట్టుకుని మరీ నాకు చూపించాడు.

చీమకుర్తిలో క్వారీల దగ్గర ఒక పాత షాపు మూసేస్తుంటే వెనక గదిలో పాత పుంజు సీసాలు ఒక అట్టపెట్టె మిగిలాయని ఎవరో చెప్పారు. కారు మాట్లాడుకుని పోయి, ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని గుంటూరు తెచ్చాడు. పెళ్లయ్యాక చిన్నత్తను సింగరాయకొండ నుంచి ఆర్టీసీ బస్సులో తెచ్చిన మనిషే ఈయన.

అప్పటి నుంచి సాయంత్రాలు చూడాలి. వరండాలో చిన్న బల్ల మీద రెండు గాజు గ్లాసులు. ఒకదాని చుట్టూ ఎర్రదారం కట్టి ఉండేది, అందులో పాతది. ఒక్క మూతడే పోసుకునేవాడు, తరిగిపోతుందని భయం. రెండో గ్లాసులో కొత్తది. రెండూ ట్యూబులైటుకు ఎత్తి చూసేవాడు. అరచేతిలో ఒక్కో చుక్క వేసుకుని మిరపగింజల్ని నలిపినట్టే నలిపి వాసన చూసేవాడు. తర్వాత పాతది నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ఊఁ. బాగుంది. పాతది పాతదే." ఆ తర్వాత కొత్తది. "రంగుంది, ఘాటు లేదు. వెన్ను అసలే లేదు." అట్టా తిట్టుకుంటూనే ఆ గ్లాసు ఖాళీ చేసి మళ్లీ పోసుకునేవాడు. చిన్నత్త ఉల్లిపాయ పకోడీ తెచ్చి పెట్టేది. దానికీ వెన్ను లేదనేవాడు.

చూస్తుండగానే ఆ పెట్టెలో సీసాలన్నీ అయిపోయి ఒకటే మిగిలింది. విచిత్రం, ఆ ఒక్కటి మాత్రం ఎన్నాళ్లకూ తరగలేదు. వచ్చిపోయే స్నేహితులు అక్షయపాత్ర అని ఎగతాళి చేసేవాళ్లు. మంచి సరుకు పొదుపుగా వాడితే అట్టాగే ఉంటుందని మావయ్య మురిసిపోయేవాడు.

ఒక ఎండాకాలం పదో తరగతి పేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్లి వాళ్లింట్లోనే దిగాను. చిన్నత్త వంటింట్లో పకోడీలు వేస్తూ, వరండా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. బీరువా దులుపుతుంటే ఆ సీసా పక్కకు ఒరిగిందట. రేకు మూత వదులై ఉండి ఉన్నదంతా కారిపోయిందట.

"నా గుండె ఆగినంత పనైందే. ఏం చేయాలో తోచలా. కొత్త సీసాలోది ఇందులో పోసి పెట్టేశా. సాయంత్రం నా పని అయిపోయిందనుకున్నా."

"కనిపెట్టాడా?"

"మూతడు పోసుకుని కళ్లు మూసుకున్నాడు. 'ఊఁ, బాగుంది, పాతది పాతదే' అన్నాడే." పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అంత నవ్వడం నేను చూడలేదు. "అప్పట్నుంచి తగ్గినప్పుడల్లా నేనే పోస్తున్నా."

"ఇంత జరిగితే మొహాన చెప్పకుండా ఎట్టా ఉన్నావు అత్తా? నేనైతే ఆ సాయంత్రమే చెప్పేదాన్ని."

ఆమె నవ్వు ఆపింది. మూకుట్లో పకోడీ తిరగేసింది. "ఎందుకే చెప్పడం? రోజూ సాయంత్రం నేను పోసింది తాగి బాగుందంటాడు. ఆ మాట నాక్కాదని నాకు తెలుసు. అయినా వినపడుద్దిగా."

అప్పుడే వరండాలో నుంచి "ఊఁ. బాగుంది" అని వినపడింది. చిన్నత్త చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ రోజు మావయ్య మీద వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు నాకు.

మరో ఆదివారం వాడరేవులో మంచి వంజరం చేప దొరికితే పట్టుకుని వెళ్లాను. ఆ మధ్యాహ్నం మావయ్య యార్డు స్నేహితులిద్దరు భోజనానికొచ్చారు. ఒకాయన మావయ్య ఏమంటే దానికి తలూపే మనిషి. రెండో ఆయన మస్తాన్ గారు, ఏసీ గోదాములో మేనేజరు. మందు ముట్టడు, సోడా తాగుతూ కూర్చుంటాడు. వాళ్లొచ్చారని మావయ్య మధ్యాహ్నమే రెండు గ్లాసులూ పోసి బల్ల మీద పెట్టుకున్నాడు. చిన్నత్త పులుసు వడ్డించింది.

"పులుసు అమృతంలాగుందమ్మా" అన్నాడు మస్తాన్ గారు.

మావయ్య ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "నీకేం తెలుసు మస్తానూ. పెద్దది ఉంటే ఈ చేపకు న్యాయం జరిగేది. నువ్వు పెద్దదాని చేతి పులుసు తిన్లా."

"తిన్నానయ్యా. నీ పక్కనే కూర్చుని తిన్నా. అప్పుడూ నువ్వు ఇట్టాగే వంక పెట్టావుగా."

మావయ్య మొహం కాస్త నల్లబడింది. మాట మార్చాలనో, గెలవాలనో, బల్ల మీది రెండు గ్లాసులూ చేతుల్లోకి తీసుకున్నాడు. దారం కట్టిన గ్లాసు ఎత్తి, "ఇది పెద్దది" అన్నాడు. రెండోది ఎత్తి, "ఇది చిన్నది. నాలుకున్నవాడికి తేడా తెలిసిద్ది" అన్నాడు. తలూపే ఆయన పెద్దగా నవ్వాడు.

చిన్నత్త గరిటె గిన్నెలో పెట్టింది. "ఆ రెండూ ఒకటేనండి" అంది.

"ఏంది?"

"దారం కట్టిన దాంట్లోదీ కొత్తదే. పాతది ఎప్పుడో ఒలికిపోయింది. తగ్గినప్పుడల్లా నేనే పోస్తున్నా."

మావయ్య దారం గ్లాసులోది కొంచెం నోట్లో పోసుకున్నాడు. తర్వాత రెండోది. మళ్లీ మొదటిది. ఇప్పుడు నవ్వేస్తాడనుకున్నాను. నవ్వేసి, "ఓసి దీని దుంపతెగ, ఎంత పని చేసిందిరా" అని ఉంటే ఆ ఇల్లు ఆ రోజుతో బాగుపడేది. నిజంగా ఆశపడ్డాను.

"అదీ సంగతి" అన్నాడు గ్లాసులు కింద పెట్టి. "ఈ మధ్య పాతదానికి వెన్ను తగ్గిందేందబ్బా అనుకుంటున్నా."

"నేనూ అనుకున్నా" అన్నాడు తలూపే ఆయన.

"నిన్న సాయంత్రం కూడా బాగుందన్నావుగా మావయ్యా" అన్నాను.

"నువ్వూరుకో. మంచి సరుకు పాడుచేసింది కాక, పైగా మాటలు" అన్నాడు. నా వంక కాదు, చిన్నత్త వంక చూస్తూ అన్నాడు. మస్తాన్ గారు కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పులుసు చాలావరకు గిన్నెలోనే మిగిలింది.

ఆ తర్వాత మావయ్య సగం ఖాళీ అయిన ఆ పాత సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇంట్లోనే బాండ్ గోదాము పెట్టాడు మహానుభావుడు. "దాంట్లో ఉన్నదీ కొత్తదేగా, తాళం ఎందుకు?" అని అడిగితే, "అడుగున కాస్త పాతది కలిసుంటది" అన్నాడు. సాయంత్రాలు వరండాలో కూర్చోవడం మానేశాడు. గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. లోకంలో మిగిలిన ఆఖరి పాత సీసాను చిన్నత్త తగలేసిందని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. పెళ్లిళ్లలో ఆడవాళ్లు కూడా ఆమెను ఆ సీసా గురించి అడిగి నవ్వేవాళ్లు. ఆమె వడ్డించడానికి లేచిపోయేది.

నాతో మాత్రం ఒకసారి ఫోన్లో, "ఇప్పుడు అది కూడా వినపట్లేదే" అంది. ఏది అని నేను అడగలేదు.

చివరి రోజుల్లో మావయ్యకు ఊపిరాడేది కాదు. ఇన్నేళ్ల మిరప దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగిందన్నారు డాక్టర్లు. మంచం మీదే అన్నీ. చిన్నత్త రాగిజావ కాచి, చల్లార్చి, చెంచాతో పోసేది. ఆయన మింగి, తల అటు తిప్పుకునేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మావయ్యా, ఇంత చేస్తోంది కదా ఆమె. ఒక్కసారి బాగుందని అనరాదూ?"

ఆయన ఆయాసం తీర్చుకుని, "బాగుందని నాకు తెలీదటే?" అన్నాడు.

"తెలిస్తే అనొచ్చుగా."

"అనకూడదే." పెదవుల మీద చిన్న నవ్వు. "సరుకు ముందర పొగిడితే రేటు పెరిగిద్ది."

"ఇక్కడ కొనేదెవరు మావయ్యా, అమ్మేదెవరు?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వెనక్కి చూస్తే చిన్నత్త గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో జావగ్లాసు. విన్నదో లేదో తెలియదు. "చల్లారిపోతోంది, నువ్వు తాగించు" అని గ్లాసు నాకిచ్చి వెళ్లిపోయింది. ఆ వారమే ఆయన పోయాడు.

మావాళ్లలో పెద్దకర్మ రోజు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఫోటో ముందు విస్తరి వేసి పెడతారు. మందు అలవాటున్నవాళ్లకు ఒక గ్లాసు కూడా పెడతారు. పెట్టి, తలుపు దగ్గరగా వేసి, అందరూ బయట కూర్చుంటారు. పోయిన మనిషి వచ్చి తింటాడని నమ్మకం. ఆఖరి వడ్డన భార్య చేతి మీదుగా జరగాలి. బాబాయి వరస పెద్దాయన ఒకాయన, "కొత్తది పెడితే వాడు ముట్టడమ్మా. ఆ పాత సీసా తియ్యండి" అన్నాడు. దహనం రోజు మొలతాడు నుంచి తీసిన తాళంచెవి మా అమ్మ కొంగున ఉంది. విప్పి నా చేతికిచ్చింది.

గదిలో చిన్నత్త, నేను, పెద్దత్త ఫోటో పక్కన మావయ్య ఫోటో. బీరువా తెరిచాను. సగం ఉండగా తాళం పడ్డ సీసా మెడ దాకా నిండుగా ఉంది. దాని పక్కనే ఖాళీ అయిన కొత్త పుంజు సీసా, ప్లాస్టిక్ మూతతో సహా. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఎర్రదారం గ్లాసు.

చిన్నత్త వాటి వంక చాలాసేపు చూసింది. ఆమెకు విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. తరిగినప్పుడల్లా ఆయనే పోసుకున్నాడు. కొత్తదని తెలిసి తెలిసీ పాత సీసాలో పోసుకుని, తలుపేసుకుని, మనిషన్నవాడికి వినపడకుండా బాగుందనుకుంటూ తాగాడు.

ఆమె సీసా మూత తీసి దారం గ్లాసులో పోసింది. విస్తరి పక్కన పెట్టడానికి వంగి, ఆగింది. నిటారుగా లేచి, గ్లాసు ఎత్తి, జీవితంలో మొదటిసారి ఒక గుక్క తాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మంటకే అయ్యుంటుంది. ఫోటో వంక చూసింది.

"బాగానే ఉంది కదండీ" అంది. "ఈ ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?"

బయట తలుపు తట్టారు. "పెట్టావా అమ్మా? పాతదేగా?" అన్నాడు పెద్దాయన.

"పాతదేనండి" అంది చిన్నత్త, పమిటతో మూతి తుడుచుకుంటూ.